మా బావ చేసిన ఛేంజోవర్

నా అరికాళ్ళ గురించి రాయమంటే ఒక గ్రంథమే రాయగలను. ఎవరూ అడగలేదు గనక ఇన్నాళ్ళూ ఊరుకున్నాను.

మాది చర్మం జబ్బు. చాలా అరుదైనదని డాక్టర్లు అంటారు. వాళ్ళకి అరుదేమో గానీ మా ఇంట్లో మాత్రం మా అమ్మకుంది, నాకుంది, మా అమ్మాయికి కాస్త తక్కువగా ఉంది, దాని కూతురికి అందరికంటే ఎక్కువగా వచ్చింది. అరికాలి మీద చర్మం పెచ్చుకట్టి చెప్పు అట్టంత మందమైపోతుంది. దాని కింద నీటి బొబ్బలు. పైకి చూస్తే ఏ రోగమూ కనపడదు. దిట్టంగా ఉంటాను, పది మందికి వండి వార్చేదానిలా కనిపిస్తాను. అందుకే బస్సులో ఎవరూ సీటివ్వరు. అడుగు తీసి అడుగు వేస్తే ప్రాణం పోతుందని మొహం మీద రాసుండదు కదా.

ఉద్యోగం చేసినన్నాళ్ళూ బళ్ళో తెలుగు పాఠం కుర్చీలో కూర్చునే చెప్పాను. పిల్లలు నాకు కుర్చీ టీచరని పేరు పెట్టారు. పెట్టుకోనీ. బల్ల మీద బెత్తం కొట్టడానికి కాళ్ళతో పనేముంది? బళ్ళో "నాను కాదురా, నేను" అని గొంతు చించుకునేదాన్ని. సాయంత్రం ఇంటికొచ్చి "నానొచ్చీసినాను బావా, టీ పెట్టు" అనేదాన్ని.

బావ అంటే నా మొగుడే. మా మేనత్త కొడుకు. స్టీలు ప్లాంటులో పంప్‌హౌస్ ఆపరేటరుగా చేసి రిటైరయ్యాడు. రిటైరయింది మనిషే, పంప్‌హౌస్ మాత్రం కూర్మన్నపాలెంలో మా ఇంట్లో ఇంకా నడుస్తోంది. పంప్‌హౌస్‌లో ఏ పనికైనా రెండు పంపులుంటాయట. ఒకటి నడుస్తుంటుంది, రెండోది స్టాండ్‌బైలో ఉంటుంది. నెల మొదటి సోమవారం పొద్దున్న నడిచేదాన్ని ఆపి, ఆగినదాన్ని నడిపిస్తారు. దాన్ని ఛేంజోవర్ అంటారు. అలా చెయ్యకపోతే ఆగిన పంపు తుప్పు పట్టి, అవసరానికి తిరగదట. ఈ వేదం మా బావ ఇంటికి తెచ్చాడు. హాల్లో రెండు ఫ్యాన్లుంటే ఒక నెల ఇది, ఒక నెల అది. మంచానికి ఈ నెల నేను గోడ వైపు, వచ్చే నెల ఆయన గోడ వైపు. కొత్త చెప్పులు కొనుక్కుంటే పాత జతని కూడా నెలమార్చి నెల తొడుక్కోవాలి. తాగుడు లేదు, పేకాట లేదు, ఛేంజోవరే కదా, పోనీలే అని ఊరుకున్నాను. అదే నా కొంప ముంచింది.

సిటీలో ఒక ఆసుపత్రిలో మా జబ్బుకి కొత్త మందు పరీక్ష చేస్తున్నారని, మనుషులు కావాలని మా అమ్మాయి ఫోన్లో చూసి చెప్పింది. అది దువ్వాడలో ఉంటుంది. "నాను సేరదామంటే కడుపుతో ఉన్నాను, తీసుకోరంటమ్మా. పిల్లల్ని కూడా ఇప్పుడే తీసుకోరంట. ముందు పెద్దోళ్ళ మీద సూసి, బాగుంటేనే పిల్లల దాకా వొత్తారంట," అంది. నువ్వెళ్ళమ్మా అని మాత్రం అనలేదు. అనాలా ఏటి? అప్పటికి నా మనవరాలు ఇంట్లో మోకాళ్ళ మీద తిరుగుతోంది. నడక వచ్చాక మళ్ళీ పాకడం మొదలుపెట్టిన పిల్లని మీరెక్కడైనా చూశారా? బడికి వాళ్ళ నాన్న భుజం మీద వెళ్ళేది, భుజం మీదే వచ్చేది. నా కాళ్ళు ఎలాగూ ముదిరిపోయాయి, వాటికి ఇప్పుడు కొత్తగా వచ్చేదీ లేదు, పోయేదీ లేదు. నేను వెళ్ళింది ఆ పిల్లగుంట కోసం.

సంగతి వీధంతా పాకింది. పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి, "ఏటి టీచరమ్మా, నీ మీద మందులు పరీచ్చ సేత్తన్నారంట? ఆళ్ళకి ఎలకలు దొరకనేదేటి?" అంది.

"దొరికినాయి గానీ నొప్పెంతుందో సెప్పమంటే సెప్పనేదంట," అన్నాను. ఆవిడ గోడ దిగింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ సన్నగా, నా దగ్గర పదో క్లాసు చదివే పిల్లలా ఉంది. ఓపిగ్గా కూర్చోబెట్టి చెప్పింది. రెండు ట్యూబులిస్తారట. ఒకదాని మీద కుడి అని, ఒకదాని మీద ఎడమ అని రాసుంటుంది. ఒకదాంట్లో మందుంటుంది, రెండోదాంట్లో ఉత్త క్రీము.

"ఏ దాంట్లో ఏముందో మీకు తెలీదు. నాకూ తెలీదు," అంది.

మా బావ కుర్చీలో ముందుకి జరిగాడు. "మీకూ తెల్దా?"

"తెలీదండి. ముందే తెలిస్తే, మందు రాసిన కాలే బాగుందని మనకి తెలీకుండానే అనేస్తాం కదా. అందుకని."

"మరెవులికి తెలుసు?"

"కంప్యూటరుకి."

మా బావ నా వైపు చూశాడు. ఆయన జీవితంలో కంప్యూటరుని నమ్మిన రోజు లేదు. అక్కణ్ణించి ఆయన ధ్యాస గది మూలకి పోయింది. అక్కడ ఏసీ నించి నీళ్ళు కారుతున్నాయి. లేచి వెళ్ళి పైపు ఎక్కడ లీకవుతోందో వేలితో తడుముతున్నాడు. సరిగ్గా అప్పుడే డాక్టరమ్మ, "కుడి ట్యూబు కుడికాలికే, ఎడమ ట్యూబు ఎడమకాలికే. ఎట్టి పరిస్థితిలోనూ మారకూడదు. మీ జబ్బున్నవాళ్ళు దేశం మొత్తం వెతికినా గుప్పెడు మందే దొరికారు. ప్రతి కాలూ మాకు ముఖ్యమే," అని చెప్పింది. నాకు చెప్పింది. రాసేది ఆయనాయె. నా నడుము వంగి, నా అరికాలు నేను చూసుకుని ఏళ్ళయింది.

రోజూ సాయంత్రం టీ అయ్యాక మా ఇంట్లో ఆ కార్యక్రమం ఉండేది. నేను కుర్చీలో కూర్చుని ముందున్న స్టూలు మీద కాళ్ళు చాపేదాన్ని. మా బావ కింద పీట వేసుకుని, తువ్వాలు పరిచి, ఆసుపత్రివాళ్ళిచ్చిన తొడుగులు వేళ్ళకి వేసుకుని, పెద్ద ఆపరేషన్ చెయ్యబోతున్నవాడిలా గొంతు సవరించుకునేవాడు. పని మాత్రం బంగారంలా చేసేవాడు. వేళ్ళ సందులు, మడమ అంచులు ఏదీ వదిలేవాడు కాదు. కాళ్ళు ఆయన వైపు, మొహం టీవీ వైపు. సీరియల్లో అత్త పాలల్లో ఏదో కలుపుతుంటే నా కాలికి ఏ ట్యూబు రాస్తున్నాడో ఎవరు చూస్తారండీ?

నెలకోసారి ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళం. అక్కడ నా అరికాళ్ళకి తీసినన్ని ఫోటోలు మా పెళ్ళిలో మా ఇద్దరికీ కలిపి తియ్యలేదు. కింద నించి, పక్క నించి, స్కేలు పెట్టి, స్కేలు లేకుండా. తర్వాత నొప్పికి మార్కులు వెయ్యమనేవారు. సున్నా అంటే నొప్పి లేదు, పది అంటే భరించలేను. నేను బాగా ఆలోచించి ఆరున్నర అన్నాను.

"అరమార్కులు లేవమ్మా," అంది డాక్టరమ్మ.

"అరమార్కు ఇవ్వకుండా ఎవరైనా పేపరు దిద్దుతారా?" అన్నాను. ఆవిడ నవ్వి ఏడు వేసుకుంది. ఆ అరమార్కు నాకిప్పటికీ కచ్చగానే ఉంది.

మొదటి నెలలోనే కుడికాలు మెత్తబడింది. గోడ పట్టుకోకుండా వీధి గుమ్మం దాకా వెళ్ళి, అక్కడ నిలబడి ఏడ్చాను. "బావా, పన్జేత్తంది," అని కేకేశాను. ఆయన పరిగెత్తుకొచ్చి, పడిపోయాననుకుని నన్ను పట్టుకున్నాడు. దువ్వాడకి ఫోన్ చేసి మా అమ్మాయికి చెప్పాను. అది ముక్కు ఎగబీల్చుకుంది.

రెండో నెల కుడికాలు మళ్ళీ గట్టిపడింది. ఎడమకాలు మెత్తబడింది. మూడో నెల ఎడమది పాడై కుడిది బాగుపడింది. ఇదేం వింత? నా కాళ్ళు రెండూ వంతులేసుకున్నట్టు ఒకటి లేస్తే ఒకటి పడుకుంటోంది. డాక్టరమ్మ నన్ను పోలీసులా ప్రశ్నలడిగింది. బస్సు దిగేటప్పుడు ఏ కాలు ముందు పెడతారు? ఇంట్లో ఏ చెప్పులు? బాసింపట్టు వేసుకుంటారా? ఇంకేమైనా నూనెలు, పసర్లు రాస్తున్నారా? అన్నిటికీ జవాబు చెప్పాను. మా బావ ఒళ్ళో సంచి పెట్టుకుని బుద్ధిమంతుడిలా కూర్చున్నాడు.

ఇంకో రెండు నెలలు చూసి డాక్టరమ్మ పెన్ను కింద పెట్టేసింది. "మొత్తం మీద చూస్తే మీ రెండు కాళ్ళకీ తేడా ఏమీ రావడం లేదమ్మా. మందు రాసిన కాలూ, రాయని కాలూ ఒకేలా ఉంటే మందు పని చెయ్యనట్టే కదా. ఉన్నదే గుప్పెడు మంది. అందులో ఒకరిద్దరు ఇలా వచ్చినా పైవాళ్ళు పిల్లల దాకా వెళ్ళనివ్వకపోవచ్చు," అంది.

నాకు నోటి మాట రాలేదు. నాకు నోటి మాట రాకపోవడం మా బావ పెళ్ళయ్యాక అదే మొదటిసారి చూడటం.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఏడుస్తున్నాను. కంచరపాలెం దాటుతుండగా మా బావ మెల్లిగా అడిగాడు. "ఏటే, పిల్లల పరీచ్చ ఆగిపోద్దేటి?"

"ఆగిపోద్ది. నా కాళ్ళు తగలబడ."

సంచీ పట్టీ మెలేశాడు. "మరి, నాను నెల నెలా ఛేంజోవర్ సేత్తన్నాను కదా. దానికీ దీనికీ సంబంధం నేదు కదేటి?"

"ఏ ఛేంజోవరు?"

"అదే. ట్యూబులు. మొదటి సోమారం కుడిది ఎడమకీ, ఎడమది కుడికీ."

బస్సులో నేను ఏమన్నానో ఇక్కడ రాయను. తెలుగు టీచరుగా నాకు తెలిసిన మాటలన్నీ వాడాను, తెలియకూడనివి కూడా వాడాను. కండక్టరు టిక్కెట్లు కొట్టడం ఆపి విన్నాడు. వెనక సీట్లో ముసలాయన "పోనీలే తల్లీ, మొగుడు కదా," అంటే ఆయన్ని కూడా కలిపి తిట్టాను. "నీ పంపులూ నువ్వూ! అవి నా కాళ్ళు బావా, కాళ్ళు!" అని అరుస్తూనే తరవాతి స్టాపులో దిగిపోయాను. ఆయన వెనకాలే దిగాడు. ఆటో ఎక్కి మళ్ళీ ఆసుపత్రికి పోయాం. ఆటోలో కూడా ఆపలేదు.

డాక్టరమ్మ బ్యాగు సర్దుకుని వెళ్ళిపోబోతోంది. "చెప్పు," అని మా బావని ముందుకి తోశాను. ఆయన చేతులు కట్టుకుని, పంప్‌హౌస్‌లో పెద్దాఫీసరు ముందు నిలబడ్డట్టు నిలబడి, మొదటి సోమవారం నించీ మొత్తం చెప్పాడు. ఆవిడ కుర్చీలో కూలబడింది. తల పట్టుకుంది. ఆ తర్వాత భుజాలు ఊగడం మొదలుపెట్టాయి. ఏడుస్తోందనుకుని నేను కంగారుపడ్డాను. నవ్వుతోంది.

"నాకు ముందే చెప్పొచ్చు కదండీ!"

"ఛేంజోవర్ సేసినామని ఎవులైనా సెప్తారేటమ్మా? సెయ్యకపోతే సెప్తారు గానీ," అన్నాడు మా బావ. నిజంగానే ఆశ్చర్యపోతున్నాడు.

ఆవిడ ఎవరెవరికో ఫోన్లు చేసింది. చాలాసేపు ఇంగ్లీషులో మాట్లాడి వచ్చి చెప్పింది. మందు పనిచేసిందా లేదా అన్న లెక్కలోకి నా కాళ్ళు ఇక రావు. మందు వల్ల హాని ఉందా లేదా అన్నదాంట్లోకి మాత్రం వస్తాయి. ఎలాగూ రెండు కాళ్ళకీ మందు తగిలింది, ఏ హానీ జరగలేదు. ఇలా వెనక్కొచ్చి చెప్పకుండా ఉంటే మాత్రం నా కాళ్ళు మందు మీద అబద్ధపు సాక్ష్యం చెప్పి ఉండేవట. మందు రాయడం ఇక ఆపెయ్యాలి. చూపించుకోడానికి వస్తుండాలి.

ఇక లేవబోతుంటే మా బావకి ఏదో తట్టింది. మొహం వెలిగింది. "డాక్టరమ్మా, అయితే మందు ఏ ట్యూబులో ఉందో మీకు ఇప్పటికీ తెల్దు కదా?"

"తెలీదండి."

"నాకు తెలుసు," అన్నాడు. "ఆ ట్యూబు ఏ కాలికెళ్తే ఆ కాలే మెత్తబడ్డాది. నెల నెలా సూసినాను. అది..."

"వద్దు!" అని ఆవిడ రెండు చేతులతో చెవులు మూసుకుంది. "చెప్పకండి! నాకు చెప్పకండి! మీ ఆవిడకీ చెప్పకండి! ఎవరికీ చెప్పకండి!"

ఆ డాక్టరమ్మ చెవులు మూసుకుని, కళ్ళు కూడా మూసుకుని కూర్చోవడం, మా బావ నోరు తెరిచి అలాగే ఆగిపోవడం, ఇప్పుడు తలుచుకుంటే నవ్వాగదు. అప్పుడు మాత్రం ఇద్దర్నీ చెరొకటి వెయ్యాలనిపించింది. దేశం మొత్తం మీద కంప్యూటరుకి తప్ప ఎవరికీ తెలియని రహస్యం, వీధిలో ఎవరింట్లో ఏ కూరో కూడా కడుపులో దాచుకోలేని మనిషి దగ్గరకొచ్చి పడింది. మొదటి నెల ఏ కాలికి ఏ ట్యూబుతో మొదలుపెట్టాడో ఆయనొక్కడికే తెలుసు. నేను ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. "డాక్టరమ్మకి మాటిచ్చినాను," అనేవాడు. మాటివ్వలేదు, ఆవిడ చెవులు మూసుకుంది, అంతే. అయినా చెప్పలేదు.

ఇంటికొచ్చాక నేను రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు అన్నం పెడుతూ అడిగాను. "నిజం సెప్పు బావా. వొట్టి అలవాటేనా?"

ఆయన పప్పు కలుపుకుంటూ తలెత్తలేదు. "ఒక కాలికి మందూ, ఒక కాలికి ఉత్తదీ అంటే ఎలగే? రోజూ ఆ ఉత్తది నీ కాలికి రాయాలంటే సెయ్యి రానేదు. నువ్వు రెండు కాళ్ళ మీదా కదా నడుత్తావు."

"అందుకని లెక్కంతా పాడుసేసినావు. పిల్లదాని నోటికాడ కూడు తీసీనావు," అన్నాను. అన్నం సహించలేదు ఆయనకి. నాకు మాత్రం కోపం తగ్గలేదు. ప్రేమైతే మాత్రం, ఇదేం ప్రేమ? తెలివి ఉండక్కర్లేదా? ఆ కోపంతోనే చాలా నెలలు గడిపాను. నా కాళ్ళు మళ్ళీ ఎప్పట్లా అట్టలు కట్టేశాయి. వీధి గుమ్మం మళ్ళీ దూరమైపోయింది.

మా అదృష్టం బాగుండి మిగతావాళ్ళ ఇళ్ళల్లో పంప్‌హౌస్ ఆపరేటర్లు లేరు. వాళ్ళ కాళ్ళు సరిగ్గా సాక్ష్యం చెప్పాయి. పిల్లల మీద పరీక్ష మొదలైంది, నా మనవరాలిని తీసుకున్నారు. దానికీ రెండు ట్యూబులే, కుడీ ఎడమా. పరీక్ష పూర్తయి, అంతా బాగుందని తేలితే అప్పుడు రెండు కాళ్ళకీ మందిస్తారట. మా అమ్మాయి ముందే మాకు ఫోన్ చేసింది. "అమ్మా, నాన్న ఆ ట్యూబులున్న గదిలోకి రాకూడదు," అంది. నేను ఆ మాట ఆయనకి రెండింతలు చేసి చెప్పాను.

ఆమధ్య ఒక ఆదివారం దువ్వాడ వెళ్ళాం. ఆటో దిగేసరికి ఇంటి ముందు సిమెంటు మీద సుద్దతో గళ్ళు గీసున్నాయి. మా మనవరాలు తొక్కుడుబిళ్ళ ఆడుతోంది. నేను ఆటో పట్టుకుని నిలబడిపోయాను. మా వంశంలో ఆ ఆట ఆడిన ఆడపిల్ల లేదు. నేనైతే చిన్నప్పుడు గట్టు మీద కూర్చుని మిగతావాళ్ళ బిళ్ళలు కాశాను. ఇది కుడికాలి మీద గంతులేస్తోంది. ఎడమకాలు పైకి మడిచే ఉంది. ఎలాగూ ఒంటికాలి ఆటే కదా, ఎదురింటి పిల్లలు దాన్ని గెలవలేక గోల పెడుతున్నారు.

"అమ్మమ్మా, నానే ఫస్టు!" అని అరిచి, మా దగ్గరకి రావడానికి మాత్రం మళ్ళీ మోకాళ్ళ మీదకి దిగింది.

మా అమ్మాయి లోపల చంటివాడికి నీళ్ళు పోస్తోంది. మేమిద్దరం వరండాలో కూర్చున్నాం. పిల్ల పాకుతూ లోపలికెళ్ళి, ఒక ట్యూబు పట్టుకొచ్చి నా ఒళ్ళో పెట్టింది. ఎడమకాలు నా మోకాలి మీదకి చాపింది. ఎర్రగా పగిలి ఉంది ఆ కాలు.

"ఇది మంచి ట్యూబు అమ్మమ్మా. దీనికి కూడా రాయవా? అమ్మ రాయనంటంది. ఈ కాలు కూడా ఆడతానంటంది."

నాకు అన్నీ తెలుసు. లెక్క తెలుసు, డాక్టరమ్మ మాటలు తెలుసు, మొగుణ్ణి బస్సులో తిట్టిన తిట్లు ఒక్కటి కూడా మర్చిపోలేదు. అయినా నా వేళ్ళు మూత తిప్పేశాయి. నొక్కడమే తరువాయి.

మా బావ నా మణికట్టు పట్టుకున్నాడు. "ఒగ్గీ, రాయకు," అన్నాడు. ట్యూబు నా చేతిలోంచి తీసుకుని మూత పెట్టబోయాడు. ఒంటి చేత్తో మూత ఒకపట్టాన ఎక్కలేదు.

"తాతా, ఎందుకు రాయరు?"

"ఆ కాలు ఇప్పుడు స్టాండ్‌బైలో ఉందమ్మా."

"అంటే?"

"అంటే, దాని వంతు వొత్తాది. కాసుకోవాలి."

పిల్ల తన ఎడమకాలిని రెండు చేతుల్లోకి తీసుకుంది. "ఇన్నావా? నీ వంతు వొత్తాదంట," అని దానికి చెప్పి, పాక్కుంటూ గళ్ళ దగ్గరకి వెళ్ళి, కుడికాలి మీద లేచి నిలబడింది.

మా బావ ట్యూబు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. నా మణికట్టు ఇంకా వదల్లేదు, నేనూ విడిపించుకోలేదు. ఆయన మొహం వైపు మాత్రం చూడలేదు. చూస్తే ఇద్దరం అక్కడే, ఎదురింటి పిల్లల ముందు ఏడ్చేసేవాళ్ళం.